కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే

చదువు మధ్యలో ఆగిపోయిందని దిగులుపడే పిల్లలు మన ఇళ్ళల్లో ఎందరో వున్నారు. వాళ్ళకు మైకేల్ ఫారడే సంగతి చెప్పాలని మాకు ఎప్పట్నుంచో కోరిక.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను పక్కనున్న న్యూయింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి కమ్మరి, పైగా జబ్బు మనిషి. బడిలో నేర్చింది చదవటం, రాయటం, కాసిని లెక్కలు, అంతే. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. అట్ట వేయడానికొచ్చిన పుస్తకాలే అతనికి పాఠాలైనాయి. 1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టిక్కెట్లతో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాసి, తన చేత్తోనే బైండు చేసి డేవీగారికి పంపాడు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడి ఉద్యోగం దొరికింది. జీతం వారానికి 25 షిల్లింగులు.

డేవీ 1807లోనే విద్యుత్తుతో పొటాషియం లోహాన్ని విడదీశాడు. అలా విడిపడే పదార్థానికీ, పంపిన విద్యుత్తుకీ వున్న లెక్క తేల్చినవాడు ఫారడే. విద్యుత్తు రెట్టింపైతే పదార్థమూ రెట్టింపవుతుందని తూచి చూపాడు. అయాన్, కాథోడ్, ఆనోడ్ అనే మాటలు 1834లో అతని వ్యాసాల ద్వారానే లోకానికి వచ్చాయి.

ఇందులో మర్మమేమిటి? మైలుతుత్తం కలిపిన నీళ్ళలో ఇనప మేకు వేసి చూడండి. (అది విషం, పిల్లలు పెద్దల దగ్గరుండి చేయాలి.) కాసేపటికి మేకు మీద ఎర్రగా రాగి పేరుకుంటుంది. ఇనుము ఎలక్ట్రాన్లు ఇచ్చింది, నీళ్ళలోని రాగి అయాన్లు పుచ్చుకుని లోహమైనాయి. పుచ్చుకోవటం క్షయకరణం, పోగొట్టుకోవటం ఆక్సీకరణం. ఇచ్చే ఇనుమే ఇక్కడ క్షయకరణి. ఇచ్చినన్నే పుచ్చుకోవాలి, ఒక్కటి తగ్గదు, ఒక్కటి పెరగదు. కాథోడ్ దగ్గరైతే ఆ ఎలక్ట్రాన్లు తీగలోంచి వస్తాయి. సుమారు 96,500 కూలుంబుల విద్యుత్తుకు 108 గ్రాముల వెండి పేరుకుంటుంది. వెండి పూత పెట్టే పనికి ఆధారం ఇదే.

ఎలక్ట్రాన్ సంగతి బయటపడింది 1897లో. ఫారడే 1867 ఆగస్టు 25నే కన్నుమూశాడు. అంటే, ఎలక్ట్రాన్ పేరైనా వినకుండానే దాని లెక్క రాసిపెట్టి పోయాడన్నమాట!

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామన్నా వద్దన్నాడు. క్రిస్మసు సెలవుల్లో పిల్లలకు పాఠాలు చెప్పటం మాత్రం ఎన్నో ఏళ్ళు మానలేదు.

పుస్తకాలు చదువుకోనిచ్చిన యజమాని ఒకరు, టిక్కెట్లు ఇచ్చిన పెద్దమనిషి ఒకరు. ఆ ఇద్దరూ లేకపోతే ఫారడే అట్టలు అంటించుకుంటూనే వుండిపోయేవాడేమో. పెద్దలు ఈ మాట మరవకూడదని మా మనవి.