కార్లో అబార్త్

కార్లో అబార్త్ (నవంబరు 15, 1908 - అక్టోబరు 24, 1979) ఆస్ట్రియాలో జన్మించి ఇటలీలో స్థిరపడిన మోటారు వాహన నిపుణుడు, పందెపు కార్ల నిర్మాత. సామాన్య కుటుంబములు వాడుకొను చిన్న కార్లలో గాలి లోనికి వచ్చు మార్గమును, పొగ బయటకు పోవు మార్గమును సరిచేసినచో ఇంజను శక్తి ఎంతగానో పెరుగునని ఇతడు ఆచరణలో చూపించాడు. ఇతడు 1949లో స్థాపించిన అబార్త్ సంస్థ సైలెన్సరులకు, ఫియట్ కార్ల రూపాంతరములకు ప్రసిద్ధి చెందినది.

బాల్యము, యౌవనము

ఇతడు ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరములో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కార్ల్. ఇటలీలో స్థిరపడిన తరువాత ఆ పేరు ఇటాలియను పద్ధతిలో కార్లో అయినది. పాశ్చాత్య జ్యోతిష పద్ధతి ప్రకారము ఇతనిది వృశ్చిక రాశి. అందువలననే తన సంస్థకు తేలు బొమ్మను చిహ్నముగా ఎంచుకున్నాడు.

యౌవనములో మోటారు సైకిళ్ళ పని నేర్చుకొని, వాటితోనే పందెములలో పాల్గొన్నాడు. 1928లో, తన 19వ ఏట, సాల్జ్‌బర్గ్‌లో మొదటి విజయము సాధించాడు. ఒక ప్రమాదములో గాయపడిన తరువాత పక్క తొట్టి కలిగిన మోటారు సైకిళ్ళపై దృష్టి పెట్టి, స్వయముగా ఒకదానిని రూపొందించాడు. 1934లో దానిపై వియన్నా నుండి బెల్జియములోని ఓస్టెండ్ వరకు, సుమారు 1,300 కిలోమీటర్ల దూరము, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలుతో పోటీపడి గెలిచాడు. 1930ల చివర యుగోస్లావియాలో జరిగిన మరొక తీవ్ర ప్రమాదముతో ఇతని మోటారు సైకిలు పందెముల జీవితము ముగిసినది.

చిసిటాలియా సంస్థలో

రెండవ ప్రపంచ యుద్ధానంతరము అబార్త్ ఇటలీలోని మెరానో పట్టణమునకు చేరాడు. పోర్షే కుటుంబముతో ఇతనికి పూర్వ పరిచయము కలదు. ఆ పరిచయముతో, రుడోల్ఫ్ హ్రుస్కాతో కలిసి, పోర్షే రూపకల్పనలకు ఇటలీలో ప్రతినిధిగా పనిచేశాడు. ట్యూరిన్ నగరమునకు చెందిన పారిశ్రామికవేత్త పియెరో డ్యూజియో తన చిసిటాలియా సంస్థ కొరకు గ్రాండ్ ప్రి కారును పోర్షే బృందముచే రూపొందింపజేయుటలో వీరిద్దరు మధ్యవర్తులైనారు. అబార్త్ ఆ సంస్థ పందెముల విభాగమునకు అధిపతి అయినాడు.

ఆ గ్రాండ్ ప్రి కారు ఖర్చును సంస్థ భరించలేకపోయినది. ఆర్థికముగా కుప్పకూలిన తరువాత డ్యూజియో అర్జెంటీనా వెళ్ళిపోయాడు. అబార్త్‌కు మిగిలినవి కొన్ని పందెపు కార్లు, విడిభాగములు మాత్రమే. వాటితో, స్కాలియారీని కుటుంబము పెట్టుబడితో, 1949 మార్చి 31న బొలోన్యా నగరములో స్వంత సంస్థను ప్రారంభించాడు. 1951లో అది ట్యూరిన్‌కు తరలినది.

ఇతనికి దక్కిన చిసిటాలియా 204 కార్లకు ఫియట్ 1100 ఇంజను ఆధారము. భారతదేశములో తరువాతి కాలమున ప్రీమియర్ పద్మినిగా పేరుపొందిన కారు కూడ ఫియట్ 1100 వంశమునకు చెందినదే. దాని ఇంజను పరిమాణము 1089 సి.సి. 1950 ఏప్రిల్ 10న సుప్రసిద్ధ చోదకుడు టాట్సియో నువొలారి సిసిలీలోని మోంటే పెల్లెగ్రినో కొండమార్గపు పందెములో అబార్త్ 204ఎ కారు నడిపి తన తరగతిలో ప్రథముడైనాడు. అదియే నువొలారి చివరి పందెము.

సైలెన్సరుల వ్యాపారము

పందెములు కీర్తిని తెచ్చినను ధనమును హరించునని చిసిటాలియా పతనము అబార్త్‌కు నేర్పినది. కావున పందెముల ఖర్చును భరించగల నిత్యవ్యాపారము ఒకటి అవసరమైనది. ఫియట్ టోపోలినో కారుకు స్టీరింగు వద్ద అమర్చుకొను గేరు కడ్డీ వంటి ఉపకరణములతో మొదలుపెట్టి, సైలెన్సరుల తయారీలో స్థిరపడ్డాడు.

సాధారణ సైలెన్సరులో పొగ అడ్డుపలకల మధ్య పలుమార్లు మలుపు తిరిగి బయటపడును. శబ్దము తగ్గును గాని పొగకు అవరోధము కలుగును. అబార్త్ సైలెన్సరు లోపల చిల్లులు గల తిన్నని గొట్టము, దాని చుట్టూ గాజుపీచు ఉండును. పొగ నేరుగా సాగిపోవును, గాజుపీచు కొంత శబ్దమును పీల్చుకొనును. మిగిలిన గంభీర ధ్వనియే దీనికి గుర్తింపు తెచ్చినది. నల్లని రంగు, మెరిసెడి క్రోమియం కొసలు గల ఈ సైలెన్సరులు అనేక సంస్థల కార్లకు సరిపోవునట్లు తయారై విదేశములకు కూడ ఎగుమతి అయినవి.

ఇంజను శక్తిని పెంచు విధానము

పెట్రోలు ఇంజను ఎంత గాలిని లోనికి తీసుకొనగలిగిన అంత ఇంధనమును మండించగలదు. శక్తి దానిపై ఆధారపడి ఉండును. అయితే కాలిన పొగ పూర్తిగా వెలువడనిచో కొత్త గాలికి సిలిండరులో చోటు తగ్గును. కావున కార్బురేటరు, లోనికి దారితీయు మ్యానిఫోల్డు, వాల్వులు, వాటిని తెరచు క్యామ్‌షాఫ్టు, పొగ గొట్టము ఇవన్నియు ఒకే మార్గములోని భాగములు. ఒకదానిని మాత్రము పెంచి మిగిలినవి వదిలివేసినచో ఫలితము స్వల్పము. అవసరమునకు మించి పెద్ద కార్బురేటరు అమర్చినచో తక్కువ వేగమున గాలి ప్రవాహము మందగించి ఇంజను తడబడును. అబార్త్ విడి వస్తువులతో సరిపెట్టక, పరస్పరము పొసగు భాగములను ఒకే చెక్కపెట్టెలో పెట్టి విక్రయించుటకు కారణమిదే.

ఫియట్ కార్ల రూపాంతరములు

1955లో విడుదలైన ఫియట్ 600 ఇంజను 633 సి.సి. పరిమాణము, సుమారు 22 అశ్వశక్తి కలది. అబార్త్ సిలిండరు వ్యాసమును 60 నుండి 61 మిల్లీమీటర్లకు, పిస్టను కదలికను 56 నుండి 64 మిల్లీమీటర్లకు పెంచి 747 సి.సి. సాధించాడు. పెద్ద వెబర్ కార్బురేటరు, వేరొక క్యామ్‌షాఫ్టు, తన పొగ గొట్టము చేర్చగా శక్తి 40 అశ్వశక్తిని దాటినది. పరిమాణము ఆరవ వంతు కంటె కొంచెము ఎక్కువగా పెరుగగా శక్తి దాదాపు రెట్టింపైనది. ఈ తేడాకు ముఖ్యకారణము ఇంజను శ్వాస మెరుగుపడుటయే.

ఈ ఇంజనులో ఒక చిక్కు కలదు. గాలి లోనికి వచ్చు మ్యానిఫోల్డు విడిభాగము గాక, సిలిండరు తలతో కలిపి పోతపోసినది. దానిని విప్పి వేరొకటి అమర్చుట సాధ్యము కాదు. ఉన్న తలను మెరుగుపరచుటతో ఆగక, అబార్త్ ఇంజనీర్లు రెండు క్యామ్‌షాఫ్టులు గల కొత్త తలలను రూపొందించారు. అనంతర కాలమున 1000 టి.సి.ఆర్. కారుకు ప్రతి సిలిండరుకు వేర్వేరు గాలిదారులు గల తలను తయారుచేశారు.

1957లో వచ్చిన ఫియట్ 500 కారు తక్కువ శక్తి వలన మొదట ఆదరణ పొందలేదు. 1958 ఫిబ్రవరిలో అబార్త్ దానిని మెరుగుపరచి మోంజా పందెపు బాటపై ఏడు దినములు రాత్రింబవళ్ళు నడిపించాడు. అది గంటకు సగటున 108 కి.మీ. వేగముతో 18,000 కిలోమీటర్లకు పైగా తిరిగినది. ఈ కారుకు ఇది గొప్ప ప్రచారము. ఆ తరువాత ప్రతి విజయమునకు, ప్రతి రికార్డునకు అబార్త్‌కు పారితోషికము చెల్లించుటకు ఫియట్ అంగీకరించినది. 1963లో వచ్చిన అబార్త్ 595, దాని తరువాతి 695 కార్లు ఈ వరుసలో మిక్కిలి ప్రసిద్ధి చెందినవి. 595 కారు శక్తి 27 అశ్వశక్తి, గరిష్ఠ వేగము గంటకు 120 కి.మీ.

స్వయముగా సాధించిన రికార్డు

1965 అక్టోబరు 20న, 57వ జన్మదినమునకు కొద్ది దినముల ముందు, అబార్త్ స్వయముగా మోంజాలో ఒంటి సీటు కారు నడిపి పావు మైలు, 500 మీటర్ల దూరములలో త్వరణ రికార్డులు నెలకొల్పాడు. ఆ ఇరుకైన కారులో పట్టుటకై ప్రధానముగా ఆపిల్ పండ్లు తిని సుమారు 30 కిలోల బరువు తగ్గాడు.

సంస్థ విక్రయము, చివరి రోజులు

1960లలో సంస్థ స్వంత పందెపు కార్ల నిర్మాణమును విస్తరించినది. సైలెన్సరుల ఆదాయము, ఫియట్ పారితోషికము ఉన్నను, పెరుగుచున్న ఖర్చు చిన్న సంస్థకు భారమైనది. చిసిటాలియాలో తాను చూచిన కష్టమే ఇతని ముంగిటకు వచ్చినది. అయితే సంస్థ దివాలా తీయలేదు. 1971లో ఇతడు దానిని ఫియట్‌కు విక్రయించాడు. కొంతకాలము సలహాదారుగా ఉండి, పిమ్మట వియన్నాకు తిరిగి వెళ్ళి, 1979 అక్టోబరు 24న తన 70వ ఏట మరణించాడు. జన్మించినది, మరణించినది ఒకే నెల తేడాతో వృశ్చిక రాశి కాలముననే, ఒకే నగరమున.

వారసత్వము

అబార్త్ విభాగము తయారుచేసిన ఫియట్ 131 కారు 1977, 1978, 1980 సంవత్సరములలో ప్రపంచ ర్యాలీ తయారీదారుల పోటీలో విజేతగా నిలిచినది. 2007లో ఫియట్ అబార్త్ పేరును ప్రత్యేక సంస్థగా పునరుద్ధరించినది. 2015లో అబార్త్ 595, అబార్త్ పుంటో కార్లు భారతదేశములో కూడ విడుదలైనవి. 2022లో ప్రకటించిన విద్యుత్ కారు అబార్త్ 500ఈలో పెట్రోలు గాని, పొగ గొట్టము గాని లేవు. అయినను పాత అబార్త్ ఇంజను ధ్వనిని పోలిన శబ్దమును వెలువరించు పరికరమును అందులో అమర్చారు.