క్రిస్టియను డియోరు జీవితము – ఆతని గృహములు

ఫ్రాన్సు దేశపు వాయవ్య భాగమున నార్మండీ యను సీమ కలదు. ఆ సీమయందు గ్రాన్విల్ అనునది యొక చిన్న రేవుపట్టణము. అచ్చట సముద్రమున కెదురుగా, కొండకొమ్మున, గులాబివన్నె గోడలుగల యొక మేడ నిలిచి యున్నది. దాని పేరు లే రోంబ్. నావికుల దిక్సూచి చక్రమునందలి విభాగములకు ఆ దేశభాషలో నా పేరు గలదు. నేడు ఆ మేడ యొక మ్యూజియము. లోకమందంతటను ప్రసిద్ధికెక్కిన డియోరు దుస్తుల సంస్థను స్థాపించినవాడు తన బాల్యమును ఆ యింటనే గడపెను. ఆ యిల్లు వాని కుటుంబముచేతినుండి జారిపోయి, మరల వాని పేరిటనే నిలిచిన కథ విద్యార్థులకు వినదగినదని తలంచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

క్రిస్టియను డియోరు 1905 వ సంవత్సరము జనవరి 21 వ తేదీన గ్రాన్విల్‌లో జన్మించెను. తండ్రి మోరిసు ఎరువుల కర్మాగారమునకు యజమాని. తల్లి పేరు మద్లేన్. వారి యైదుగురు సంతానములో క్రిస్టియను రెండవవాడు. ఉప్పుగాలి యెడతెగక వీచు ఆ కొండమీద పూలతోట పెంచుట సులభమగు పని కాదు. అయినను ఆ తల్లి విసుగు చెందక అచ్చట నందమైన తోటను నెలకొల్పెను. పిల్లవాడు తల్లి వెంటనంటి తిరుగుచు మొక్కల నెఱిగెను. విత్తనముల వర్తకులు ప్రకటించు పట్టికలను దగ్గర నుంచుకొని, పూల పేర్లను, వాని వర్ణనలను కంఠస్థము చేసెను. ఇంటి గోడల గులాబివన్నెయు, త్రోవలలోని కంకర బూడిదవన్నెయు వాని మనస్సునందు నాటుకొని, పెద్దవాడైన పిమ్మట తాను కుట్టించిన దుస్తులలో వానికి మిక్కిలి ప్రియమైన రంగులాయెను. కొంతకాలమునకు ఆ కుటుంబము పారిసు నగరమునకు తరలిపోయినను, గ్రాన్విల్ యింటితోడి సంబంధము తెగలేదు. యౌవనమున క్రిస్టియను ఆ తోటలో నొక పందిరికిని, నీటి కొలనునకును తానే రూపము కల్పించెను.

చిత్రకళయందును, గృహనిర్మాణమందును వానికి ఆసక్తి మెండు. తలిదండ్రులు మాత్రము కుమారుడు రాయబారి కావలెనని కోరి, పారిసులోని రాజనీతి విద్యాలయమున చేర్చిరి. ఆ చదువు వానికి రుచింపలేదు. 1928 లో నొక స్నేహితునితో గూడి చిత్రపటములమ్ము అంగడిని తెరువ సంకల్పించెను. తండ్రి ధనమిచ్చుట కొప్పుకొనెను గాని యొక నిబంధన విధింపబడెను. అంగడి తలుపుమీద ఇంటిపేరు కనబడరాదు! దుకాణమునకు తమ పేరు పెట్టుట గౌరవభంగమని ఆ కుటుంబమువా రెంచిరి. చదువరులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక.

1931 వ సంవత్సరము ఆ కుటుంబమునకు దుర్దినములు తెచ్చెను. తల్లి మరణించెను. అప్పటి ఆర్థిక మాంద్యమువలన తండ్రి తన సొమ్మంతయు కోల్పోయెను. అంగడి మూతపడెను. గ్రాన్విల్ యిల్లును పరుల పాలాయెను. దానిని గ్రాన్విల్ పురపాలక సంఘమువారు కొని, 1938 నుండి తోటను సర్వజనులకు తెరచి యుంచిరి. తల్లి ఒక్కొక్క మొక్కగా పెంచిన తోటలో ఊరివారు నడచుచుండగా, కుమారుడు పారిసులో తలదాచుకొనుటకు తగిన వసతి కొఱకై వెదకుకొను స్థితికి వచ్చెను. 1934 లో క్షయరోగము సోకగా స్నేహితులే చందాలు వేసికొని చికిత్సకు పంపిరి.

ఆరోగ్యము కుదుటబడిన పిదప టోపీలకును, దుస్తులకును నమూనాబొమ్మలు గీసి యమ్మి బ్రదుక నారంభించెను. అప్పటికి వానికి ముప్పది యేండ్లు. 1938 లో రోబేర్ పిగే యను ప్రసిద్ధ వస్త్రశిల్పి వానిని కొలువునకు తీసికొనెను. ఇంతలో యుద్ధము వచ్చిపడెను. సైన్యమునుండి విడుదలయై, దక్షిణమున కాలియన్ గ్రామమునకు పోయి, చెల్లెలు కత్రీన్‌తో గూడి కూరగాయలు పండించి యమ్మెను. తల్లివద్ద నేర్చిన తోటపని ఆ కఱవు దినములలో కూడుపెట్టెను. 1941 లో పారిసునకు మరలివచ్చి లూసియన్ లెలాంగ్ సంస్థలో చేరెను. కత్రీన్ జర్మనుల నెదిరించు రహస్యదళములో పనిచేసి, 1944 లో పట్టుబడి, రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరమునకు పంపబడెను. ఆమె 1945 లో ప్రాణములతో తిరిగివచ్చెను.

నూలు వర్తకుడైన మార్సెల్ బూసాక్ పెట్టుబడి పెట్టగా, 1946 డిసెంబరు 16 వ తేదీన పారిసులో 30, మోంటేన్ వీధియందు క్రొత్త సంస్థ వెలసెను. తలుపుమీద వ్రాయరాదని తలిదండ్రులు నిషేధించిన యింటిపేరే ఈ మారు ఆ తలుపుమీద నిలిచెను. 1947 ఫిబ్రవరి 12 న మొదటి ప్రదర్శనము జరిగెను. సన్నని నడుము, క్రింద విరిసిన పెద్ద కుచ్చెళ్ల పావడ, ఇది యా దుస్తుల తీరు. వానిలో నొక వరుసకు డియోరు పెట్టిన పేరు పూవుయొక్క ఆకర్షణపత్రావళిని, అనగా ఱేకుల వలయమును, సూచించును. గ్రాన్విల్ తోట గుడ్డరూపమున మరల పూచినట్లాయెను. అందఱును మెచ్చుకొనిరని చెప్పజాలము. బట్టకు కఱవైన ఆ దినములలో నొక్కొక్క పావడకు అనేక గజముల గుడ్డ పట్టుట చూచి కొందఱు కోపించిరి. పారిసు వీధిలో నా దుస్తులు ధరించిన యొకతెపై స్త్రీలు తిరుగబడి బట్టలు చించిరి. వారి బాధ నిజమైనదే. అయినను యుద్ధమువలన క్రుంగిన కుట్టుపనివారికిని, నేతపనివారికిని ఆ దుస్తులు మరల జీవనోపాధి కల్పించెననుటయు నిజమే.

కీర్తియు, ధనమును కలిగిన పిమ్మట డియోరు 1950 ప్రాంతమున దక్షిణ ఫ్రాన్సులో మోంటోరు గ్రామము చెంత లా కోల్ న్వార్ అను పాత భవనమును కొనెను. అత్తరులకు పేరుగన్న గ్రాస్ పట్టణము దానికి దగ్గర. అచ్చట మల్లెలు, గులాబీలు నాటించి, పొడవైన కొలను త్రవ్వించి, తన వార్ధక్యము నక్కడ గడపవలెనని తలంచెను. పోయిన యింటికి మాఱుగా మఱియొక యింటిని కట్టుకొనుచుండెనని మనము గ్రహింపవచ్చును. ఆ కోరిక నెఱవేరలేదు. 1957 అక్టోబరు 24 న, ఏబది రెండవ యేట, ఇటలీలో గుండెపోటుతో మరణించెను. కాలియన్ గ్రామమున సమాధి చేయబడెను. లా కోల్ న్వార్ కూడ పరులకు విక్రయింపబడెను.

ఇట్లు రెండిండ్లును పోయినవి. కాని రెండును నేడు నిలిచియున్నవి. గ్రాన్విల్ మేడ 1997 లో డియోరు మ్యూజియముగా స్థిరపడెను. చెల్లెలు కత్రీన్ దానికి గౌరవాధ్యక్షురాలై, 2008 లో మరణించువఱకు అన్న జ్ఞాపకమును కాపాడెను. లా కోల్ న్వార్‌ను 2013 లో డియోరు అత్తరుల సంస్థవారు తిరిగి కొని, బాగుచేయించి, 2016 లో తెరచిరి. వర్తకులు తమ పేరునకు వన్నె వచ్చునను తలంపుతో గూడ నిట్టి పనులు చేయుదురనుట స్పష్టమే. కాని గ్రాన్విల్ పురజనులు ఆ యింటిని కొన్ననాటికి డియోరు పేరు లోక మెఱుగదు. వారు కాపాడినది యొక తోటను మాత్రమే. ఆ తోట యుండుటచేతనే తరువాత మ్యూజియమునకు తావు దొరకెను.

ఇట్టి గృహములను కాపాడుట యొక్కనాటి పని కాదు. వెలుతురు సోకినకొలది పట్టుబట్ట వన్నె తగ్గును, నూలుపోగులు పెళుసెక్కును. కావున అట్టి చోట్ల పాతదుస్తులను మసకవెలుతురున కొంతకాలము మాత్రమే చూపి, మరల చీకటి గదులలో భద్రపఱతురు. గోడలు సముద్రగాలికి చెడకుండ పూతలు వేయింపవలెను. తోటకు నిత్యము నీరును, చేతిపనియును కావలెను. ఈ పనులు చేయువారి పేర్లు ఏ తలుపుమీదను వ్రాయబడవు.

బాలబాలికలారా! మద్లేన్ డియోరు తన కుమారుని కీర్తిని చూడక మున్నే కన్నుమూసెను. తన వెంట మొక్కల నడుమ తిరుగు పిల్లవాడు ఆ రంగులను, ఆ ఱేకులను హృదయమున దాచుకొనుచున్నాడని యామె యెఱిగి యుండకపోవచ్చును. మీ యిండ్లలోను తల్లులు ప్రతిదినము చేయు పనులు కలవు. ఈ సాయంకాలము ఇంటికి పోయినప్పుడు వానిని ఒక్కసారి తేరిపాఱ జూడుడు.