రెండు నారింజలు, ఒక నిమ్మకాయ

పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్ట్ అక్యురసీ 81 నుంచి 89 శాతానికి పెరిగింది. అంతా కొత్త మోడల్ వల్లేనని రివ్యూలో గట్టిగా చెప్పేశాను. రూమ్‌కొచ్చాక గుర్తొచ్చింది, అదే వారం డేటాని కూడా క్లీన్ చేశాం. మరి పెరిగింది దేనివల్ల? నాకే తెలీదు. ఆ రాత్రి నిద్ర పట్టక చదివిన జీవితం ఇది.

జేమ్స్ లిండ్ 1716లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. కుర్రతనంలోనే ఒక సర్జన్ దగ్గర పని నేర్చుకుని, 1739లో బ్రిటిష్ నేవీలో చేరాడు. అప్పట్లో నెలల తరబడి సముద్రం మీద ఉండేవాళ్లకి స్కర్వీ వచ్చేది. చిగుళ్లు వాచి రక్తం కారేది, ఒంట్లో సత్తువ పోయేది, చాలామంది చచ్చిపోయేవాళ్లు. మందులు చెప్పేవాళ్లకి కొదవలేదు. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూసినవాళ్లే లేరు.

1747 మే 20న సాలిస్‌బరీ అనే ఓడలో లిండ్ ఆ పని మొదలుపెట్టాడు. జబ్బు దాదాపు ఒకేలా ఉన్న 12 మందిని తీసుకుని, ఒకే చోట ఉంచి, ఒకే తిండి పెట్టాడు. ఇద్దరిద్దరి చొప్పున ఆరు జంటలు చేసి, జంటకో మందు ఇచ్చాడు: సైడర్, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్, వెనిగర్, సముద్రపు నీళ్లు, వెల్లుల్లి ఆవాలు కలిపిన ముద్ద. ఆరో జంటకి మాత్రం మనిషికి రోజుకి రెండు నారింజలు, ఒక నిమ్మకాయ.

ఇక్కడ మార్చింది మందు ఒక్కటే, అది ఇండిపెండెంట్ వేరియబుల్. కోలుకోవడం డిపెండెంట్ వేరియబుల్. తిండి, చోటు మారకుండా పట్టుకున్నాడు కాబట్టి తేడా వస్తే మందు వల్లే అనొచ్చు. ఇంటర్నల్ వాలిడిటీ అంటే ఇదే. ఆరు రోజుల్లో పళ్లు అయిపోయాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు డ్యూటీకి సిద్ధం, ఇంకొకడు మిగతా రోగులకి సేవ చేస్తున్నాడు.

ఆ తర్వాత లిండ్ నేవీ వదిలి డాక్టర్ పట్టా తీసుకున్నాడు. 1753లో స్కర్వీ మీద పుస్తకం రాశాడు, 1758లో హస్లర్ నేవీ ఆస్పత్రికి పెద్ద డాక్టరయ్యాడు. కానీ ఓడల్లో నిలవ ఉండాలని రసాన్ని వేడిచేసి చిక్కబరిచి వాడమన్నాడు. ఆ వేడికి విటమిన్ సి చాలావరకు పోతుంది. దాని సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు. అతను టెస్ట్ చేసింది తాజా పళ్లని, వాడమన్నది కాచిన రసాన్ని. ప్రయోగం కరెక్టే, దాన్ని ఇంకోదానికి అంటించడం దగ్గరే తేడా కొట్టింది.

లిండ్ 1794లో చనిపోయాడు. నేవీ తన ఓడలకి నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది ఆ మరుసటి ఏడాది, అంటే ప్రయోగం జరిగిన 48 ఏళ్లకి.

మర్నాడు మేం పాత మోడల్‌నే క్లీన్ డేటా మీద రన్ చేశాం. 88 వచ్చింది. అంటే మా మోడల్ గొప్పతనం ఒక్క శాతం! తర్వాతి రివ్యూలో సార్‌కి ఆ మాటే చెప్పాను. చెప్తుంటే గొంతు వణికింది గానీ, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.