తొలి మహిళా ఇంజనీరు లలిత

మిర్యాలగూడ, కోదాడ పొలాలకు నీరిచ్చే సాగర్ ఎడమ కాలువను చూస్తూ పెరిగినవాళ్ళం మేము. ఆనకట్ట, కరెంటు అనగానే మగ ఇంజనీర్లే మన కళ్ళ ముందు మెదులుతారు. కానీ సాగర్ కంటే ముందే మొదలైన భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో ఒక తెలుగు మహిళ పాలుపంచుకున్నారు. ఆమే అయ్యలసోమయాజుల లలిత. మన దేశపు తొలి మహిళా ఇంజనీరుగా పేరొందారు.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో జన్మించారు. 15 ఏళ్ళకే పెళ్ళయింది. 1937లో పాప పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త కన్నుమూశారు. ఆనాడు 18 ఏళ్ళ వితంతువుకు మూలన కూర్చోవడమే రాసిపెట్టి ఉండేది. లలిత మాత్రం పుట్టింటికి వచ్చి ఇంటర్మీడియట్ ప్రథమ శ్రేణిలో పూర్తి చేశారు. డాక్టరు పనికి వేళాపాళా ఉండదు, పసిబిడ్డను చూసుకోవాలి. అందుకని ఇంజనీరింగ్ ఎంచుకున్నారు.

ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ప్రిన్సిపాల్ కె.సి.చాకో గారితో మాట్లాడి 1940లో సీటు ఇప్పించారు. హాస్టల్లో ఆమె ఒక్కతే ఆడపిల్ల. తోడు కోసం అమ్మాయిలకు ప్రవేశం ఉందని కాలేజీ ప్రకటించగా లీలమ్మ జార్జ్, పి.కె.త్రేసియా సివిల్‌లో చేరారు. ముగ్గురూ పట్టభద్రులయ్యారు. ముందే అచ్చయిన పట్టాపై మగవారిని సూచించే పదాన్ని కొట్టేసి ఆమె అని రాయవలసి వచ్చింది!

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం తరువాత, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. విద్యుత్ లైన్ల, సబ్‌స్టేషన్ల డిజైన్లు రూపొందించారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళారు. కూతురిని చదివించి ప్రయోజకురాలిని చేశారు. 1977లో పదవీ విరమణ చేసి, 1979లో కన్నుమూశారు.

లలిత పట్టుదల గొప్పదే. అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆమెకు ప్రొఫెసరైన తండ్రి ఉన్నారు, ప్రిన్సిపాల్‌ను అడిగే మనిషి ఉన్నాడు. కూలికి పోయే మన అమ్మానాన్నలకు ఏ కోర్సు ఎక్కడుందో, దరఖాస్తుకు చివరి తేదీ ఎప్పుడో ఎవరు చెబుతారు? పదో తరగతి కాగానే సంబంధం చూస్తామంటే అడ్డు చెప్పేదెవరు? ఆ పని మన హాస్టల్ పూర్వ విద్యార్థులదే.

చెల్లెళ్ళారా! లెక్కలంటే ఇష్టమున్నవారు పాలిసెట్ రాయండి, ఎంపీసీ తీసుకొని ఎప్‌సెట్ రాయండి. ఫారం నింపడానికి, కౌన్సెలింగుకు తోడు రావడానికి, ఇంటికొచ్చి పెద్దవాళ్ళతో మాట్లాడటానికి మేమున్నాం. గిండీ హాస్టల్లో లలితకు ఇద్దరు తోడు దొరికారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో మన అమ్మాయి ఏ ఒక్కరూ ఒంటరిగా మిగలకూడదు.