వర్ణపరిచయకర్త విద్యాసాగరుడు

ఈశ్వరచంద్రుడు 1820 సెప్టెంబరు 26వ తేదీన వంగదేశమందలి వీరసింహ గ్రామమున ఒక పేద బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. బాల్యమున తండ్రివెంట కాలినడకను కలకత్తాకు వచ్చుచు, మైలురాళ్లను చూచి ఆంగ్లపు అంకెలను నేర్చుకొనెనని ప్రతీతి. సంస్కృత కళాశాలలో చదివి విద్యాసాగర బిరుదము నందెను. 1851లో ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యెను. వితంతువివాహములకై ఆయన చేసిన కృషి మనకు వీరేశలింగము పంతులుగారి మూలమున సుపరిచితమే. పసిపిల్లల చదువునకై ఆయన పడిన పాటు మనలో అంతగా ప్రచారము కాలేదు.

ఆనాడు బాలురు సంస్కృత వ్యాకరణమును సంస్కృతముననే వల్లెవేయుచు, అర్థము తెలియకయే ఏండ్లు గడపుచుండిరి. ఈశ్వరచంద్రుడు దానిని సులభమైన వంగభాషలో వ్రాసి యిచ్చెను. 1855లో ‘వర్ణపరిచయము’ రెండు భాగములు వెలువడెను. వంగభాషలో వాడుకలేని ౠకార ౡకారములను అక్షరమాలనుండి తొలగించెను. అనుస్వార విసర్గలను అచ్చులనుండి హల్లులలోనికి మార్చెను. జనుల నోట నున్న కొన్ని ధ్వనులకు వేరు అక్షరములుగా స్థానమొసగెను. సంయుక్తాక్షరములను రెండవ భాగమునకు నిలిపియుంచెను. ఆ ౡకారమును పలకపై దిద్ది దిద్ది, పిమ్మట జీవితమున ఒక్కమారైనను వాడని మనకు ఈ పని విలువ తెలియును.

దేశభాషలలో ప్రజలకు చదువు చెప్పవలెనని 1854లో కంపెనీ డైరెక్టర్లు ఉత్తరువు పంపిరి. ఉత్తరువుతో బడి నడువదు గదా! గురువులు కావలెను. 1855లో ఈశ్వరచంద్రుడు పాఠశాలల ప్రత్యేక పరీక్షకుడై, ఉపాధ్యాయ శిక్షణకు నార్మల్ స్కూలును తెరపించి, దానికి అక్షయకుమార దత్తును ప్రధానోపాధ్యాయుని చేసెను. నదియా, వర్ధమాన, హుగ్లీ, మేదినీపుర జిల్లాలలో జిల్లాకు 5 చొప్పున 20 ఆదర్శ పాఠశాలలు వెలసెను.

పిదప బాలికల వంతు వచ్చెను. 1857 నవంబరు మొదలు 1858 మే వరకు 35 పాఠశాలలు నెలకొల్పగా, సుమారు 1300 మంది బాలికలు చేరిరి. పై అధికారుల సుముఖతను నమ్మి తెరచినవే గాని, కాగితముపై మంజూరు లేదు. దాని ఫలితము కార్యాలయోద్యోగులమైన మనకు వేరుగ చెప్పనక్కరలేదు. సిపాయిల తిరుగుబాటుతో ఖజానా క్షీణించెననుచు ప్రభుత్వము స్థిరమైన గ్రాంటును నిరాకరించెను. పంతుళ్ల జీతపు బకాయిలు మాత్రము ఎన్నో ఉత్తరప్రత్యుత్తరముల పిదప చెల్లెను. విద్యాశాఖ డైరెక్టరుతో అంతకుముందే పొసగకుండెను. నెలకు 500 రూపాయల ఉద్యోగమును ఈశ్వరచంద్రుడు 1858లో వదలుకొనెను. బాలికల బడులకై చందాలు ప్రోగుచేసి, తన సొమ్మును జతపరచి, నిలుపగలిగినన్నింటిని నిలిపెను.

1891 జులై 29వ తేదీన కలకత్తాలోనే కన్నుమూసెను. కాలేజీ స్ట్రీటు దుకాణములలో ‘వర్ణపరిచయము’ నేటికిని కొద్దిపాటి వెలకు దొరకును.