నోటుబుక్కు నుంచి లైబ్రరీ దాకా: గ్రేస్ హాపర్

ల్యాబ్‌లో ఆర్డ్వినో బోర్డుకి చిన్న సర్వో మోటారు తగిలించి, దానిచేత గేటు ఎత్తించే ప్రాజెక్టు మీలో కొందరైనా చేసే ఉంటారు. ప్రోగ్రాం పైన ఇంక్లూడ్ అని రాసి సర్వో లైబ్రరీ పేరు పెడతారు. కింద 90 అని రాస్తే మోటారు 90 డిగ్రీల దగ్గర ఆగుతుంది. నిజానికి ఆ మోటారుకి మన డిగ్రీల అంకెలు తెలియవు. సెకనుకు 50 సార్లు, ఒక్కోసారి దాదాపు ఒకటిన్నర మిల్లీసెకన్లపాటు సిగ్నల్ పంపితే అది మధ్యలో నిలబడుతుంది. ఆ లెక్కంతా ఎవరో ఒకసారి కూర్చుని రాసిపెట్టారు కాబట్టి మీకు ఆ పని తప్పింది. అలా రాసిపెట్టినదాన్ని యంత్రమే వెతికి తెచ్చుకోగలదని తొలినాళ్లలో చేసి చూపించినవారు గ్రేస్ హాపర్.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో, అలారం గడియారం ఎలా మోగుతుందో చూద్దామని ఒకటి విప్పారు. బిగించడం రాలేదు. ఇంకొకటి విప్పి చూస్తే తెలుస్తుంది కదా అనుకున్నారు. అలా ఇంట్లో ఏడు గడియారాలు ముక్కలయ్యాయి. వాళ్లమ్మ మాత్రం విప్పడం మానెయ్యమనలేదు, ఇకమీదట ఒక్క గడియారంతోనే సరిపెట్టుకోమన్నారు. ఎంత మంచి అమ్మ! పదహారేళ్లకు వాసర్ కాలేజీలో చేరబోతే లాటిన్ భాషలో మార్కులు చాలక సీటు రాలేదు, మరుసటి ఏడాది వచ్చింది. (తెలుగు పేపరును తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.) 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేటు పొందారు. అప్పటికే వాసర్‌లో లెక్కల పాఠాలు చెబుతున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరతానంటే వయసు ఎక్కువన్నారు, బరువు దాదాపు ఏడు కిలోలు తక్కువన్నారు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943లో చేరారు. శిక్షణలో మొదటి స్థానం వచ్చింది. పోస్టింగు ఓడ మీద కాదు, హార్వర్డ్‌లోని మార్క్ వన్ అనే లెక్కల యంత్రం దగ్గర. దాని పొడవు 51 అడుగులు, వేగం సెకనుకు మూడు కూడికలు. ఆర్డ్వినో ఊనో మీదున్న చిప్పు గడియారం సెకనుకు కోటీ అరవై లక్షల టిక్కులు కొడుతుంది!

అక్కడ ప్రోగ్రాం అంటే కాగితపు టేపు మీద రంధ్రాలు. సైన్ విలువ కట్టే ముక్క ఒకటి ఎవరైనా సరిగ్గా రాస్తే, మిగతావాళ్లు దాన్ని తమ నోటుబుక్కులో ఎక్కించుకుని, కావలసినప్పుడు తమ ప్రోగ్రాంలోకి దించుకునేవారు. ఆ నోటుబుక్కులే వాళ్ల లైబ్రరీ. కానీ చూచిరాతలో ఏదో ఒక అక్షరం తారుమారయ్యేది. తర్వాతి యంత్రాల్లో ఇంకో చిక్కు వచ్చింది. ముక్కను కొత్త చోట పెట్టినప్పుడల్లా అందులోని చిరునామాల అంకెలన్నీ కూడి మార్చాలి, ఆ కూడికలూ తప్పేవి. ఎంత చదువుకున్నవాళ్లయినా చూసి రాయడంలోనూ, కూడడంలోనూ పొరపాట్లు చేస్తారని గ్రేస్ గమనించారు. ఆ రెండు పనులూ విసుగు లేకుండా చెయ్యగలిగింది ఎదురుగా ఉన్న యంత్రమే.

1949లో ఆమె ఫిలడెల్ఫియాలో యూనివాక్ కంప్యూటరు తయారుచేస్తున్న కంపెనీకి మారారు. 1952 నాటికి ఏ-జీరో సిద్ధమైంది. పరీక్షించి సరిచూసిన ముక్కలన్నీ ఒక టేపు మీద ఉంటాయి, ఒక్కోదానికి ఒక నంబరు. ప్రోగ్రాం రాసేవాళ్లు ఆ నంబరూ, ఇవ్వవలసిన విలువలూ రాస్తే చాలు. కంప్యూటరే టేపులో వెతికి, ముక్కను తెచ్చి, చిరునామాలు సరిచేసి, పూర్తి ప్రోగ్రాం కూర్చి ఇస్తుంది. దీనికి ఆమె కంపైలర్ అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. కంప్యూటరు అంకెలు కూడుతుందే గానీ ప్రోగ్రాములు రాస్తుందా అన్నారు. పనిచేస్తున్నదాన్ని కళ్ల ముందు పెట్టినా ముట్టుకోలేదు. ఆమె వదల్లేదు. తర్వాత ఇంగ్లీషు మాటలతోనే ఆదేశాలు రాయగలిగే ఫ్లోమాటిక్ తయారుచేశారు. 1959లో ఒక బృందం కోబాల్ భాషను రూపొందించినప్పుడు దీని నుంచి చాలా తీసుకుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం ఆమె 1946లో మార్క్ వన్ కోసం రాసిన 561 పేజీల పుస్తకం. ఆ యంత్రాన్ని ఎప్పుడూ చూడనివాళ్లకు కూడా అర్థం కావాలని రాసింది. మీరు సొంతంగా లైబ్రరీ రాసినప్పుడు హెడర్ ఫైలు, సీపీపీ ఫైలు రెండూ రాసి ఊరుకుంటారు. ఏ వైరు ఏ పిన్నుకో, ఏ ఫంక్షనుకు ఏం ఇవ్వాలో చూపే ఒక ఉదాహరణ పెట్టరు. సెషను మధ్యలో బదిలీ ఆర్డరు వచ్చి మీరు వేరే ఊరు వెళ్లిపోతే, మీ లైన్ ఫాలోయర్ బండి ఇక్కడ ఎవరికీ కదలదు. నేను చేరిన ఒక బడిలో, ముందున్న టీచరు వదిలి వెళ్లిన ప్రశ్నల ఫైలు మొదటి పేజీలో, ఏ ప్రశ్న ఏ తరగతికో రాసి ఉంది. ఆయన్ని నేనెన్నడూ చూడలేదు, ఆ ఫైలుతో ఏడాది గడిపాను.

గ్రేస్ 1966 చివర నౌకాదళం నుంచి రిటైరయ్యారు. మరుసటి ఏడాదే ఆరు నెలల కోసమని వెనక్కి పిలిచారు. మధ్యలో ఒకసారి మళ్లీ రిటైరై, మళ్లీ పిలిపించుకుని, చివరికి 1986లో 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా దిగారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.

ఉపన్యాసాలకు వెళ్లినప్పుడు ఆమె అడుగుకు కాస్త తక్కువ పొడవున్న తీగముక్కలు పంచేవారు. ఒక నానోసెకనులో వెలుగు వెళ్లే దూరం అంత. ఊనో బోర్డు ఒక్క టిక్కు కొట్టేలోపు వెలుగు ఎంత దూరం పోతుందో చూడాలంటే అలాంటివి అరవై రెండున్నర వరుసగా పేర్చాలి. మన వాలీబాల్ కోర్టు పొడవు కంటే కాస్త ఎక్కువే వస్తుంది.