అమ్మవారి ఊరి అయ్యంగార్

కార్తీకంలో పంచమి తీర్థం నాడు తిరుచానూరు అమ్మవారికి కొండ మీది నుంచి పసుపు, కుంకుమ, పట్టుచీరలతో సారె వస్తుంది. ఆ పెళ్లి కోసం కుబేరుడి దగ్గర అప్పు చేసింది కూడా పెళ్లికొడుకైన స్వామివారే. వడ్డికాసులవాడనే పేరు అలా వచ్చిందని పిల్లలకు కథ చెప్పుకుంటాం. మన ఇళ్లల్లో మాత్రం పెళ్లి అప్పు ఆడపిల్ల తండ్రి నెత్తిన పడుతుంది!

ఆ తిరుచానూరులోనే 1891 ఫిబ్రవరి 4న మాడభూషి అనంతశయనం అయ్యంగార్ పుట్టారు. తిరుపతిలో హైస్కూలు చదువు, మద్రాసు పచ్చయప్ప కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత లా. కొన్నాళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసి, 1915లో చిత్తూరులో వకీలుగా స్థిరపడ్డారు.

గాంధీగారు సహాయ నిరాకరణకు పిలుపునిస్తే 1921లో ఏడాదిపాటు ప్రాక్టీసు మానేశారు. వకీలు కోర్టుకు పోకుంటే ఇల్లు గడవడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా! 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. వ్యక్తి సత్యాగ్రహంలో ఒకసారి, క్విట్ ఇండియాలో మరోసారి జైలుకెళ్లారు. శ్రీవైష్ణవ ఆచారాల మధ్య పెరిగినా అంటరానితనం పోవాలని పాటుపడ్డారు. తెల్లదొరలు వెళ్లిపోయినంత మాత్రాన స్వరాజ్యం వచ్చినట్టు కాదు, మనింటి అన్యాయమూ పోవాలన్నది ఆ తరం వాళ్ల నమ్మకం.

రాజ్యాంగ సభలో ఆయన సభ్యుడు. ఆ సభ తయారుచేసిన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దుచేసింది, ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు ఇచ్చింది. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు గెలిచి డిప్యూటీ స్పీకరయ్యారు. 1956లో మావలంకర్ పోయాక స్పీకరయ్యారు. తండ్రి స్వార్జితంలో కూతురికీ వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం వచ్చింది ఆ ఏడాదే.

ఇక 1961 సంగతి. వరకట్న నిషేధ బిల్లుపై లోక్‌సభకూ రాజ్యసభకూ పేచీ వచ్చింది. పెళ్లి కానుకలు కట్నం కిందికి వస్తాయా రావా, కట్నం అడిగినవాళ్లకు శిక్ష ఉండాలా వద్దా అన్న దగ్గర పీటముడి పడింది. రాజ్యాంగం ప్రకారం రెండు సభలనూ ఒకచోట కూర్చోబెట్టవలసి వచ్చింది. మన పార్లమెంటు చరిత్రలో అదే మొదటి సంయుక్త సమావేశం. యుద్ధం కోసమో, పన్నుల కోసమో కాదు, ఆడపిల్ల పెళ్లి ఖర్చు కోసం! మే 6, 9 తేదీల్లో జరిగిన ఆ సమావేశానికి అధ్యక్షత వహించింది మన అమ్మవారి ఊరి అయ్యంగారే. స్పీకరు కాబట్టి ఆయన ఏ పక్షమూ వహించకూడదు. అందరి మాటా విని, సభను ఒక దరికి చేర్చడమే ఆయన పని. బిల్లు నెగ్గింది. జూలై 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది.

అప్పట్లో శిక్ష ఆరు నెలల జైలు, లేదా అయిదు వేల జుర్మానా, లేదా రెండూ. పెళ్లికి షరతు కానంతవరకు నగలు, బట్టలు, డబ్బు కానుకలే అని మినహాయింపు కూడా పెట్టారు. ఆ సందులోంచే కట్నం మళ్లీ ఇంట్లోకి దూరింది. 1984లో, 1986లో చట్టాన్ని గట్టిచేయక తప్పలేదు.

1962 నుంచి 1967 దాకా బీహారు గవర్నరుగా ఉన్న అయ్యంగార్ 1978 మార్చి 19న కన్నుమూశారు. ఆయన తరం చట్టం దాకా తెచ్చి మన చేతిలో పెట్టింది. ఇప్పుడు మనం కట్నం అనడం మానేసి లాంఛనాలు అంటున్నాం. అడిగే నోళ్లలో అత్తగార్ల నోళ్లూ ఉన్నాయి. ఈసారి పంచమి తీర్థానికి వెళ్లినప్పుడు సారె ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వస్తోందో ఒక్కసారి గమనించండి. కొడుకు పెళ్లి మాటలకు కూర్చున్నప్పుడు అది గుర్తుకొస్తే చాలు.